కలివి పొద ఉంది, కోడి లేదు

బళ్లారి జిల్లా చోరనూరులో పొలం గట్టు దాటితే కంపే. తుమ్మ, రేగు, పరిగి, బలుసు, వాటి సందుల్లో కలివి. కన్నడం మాట్లాడే ఇళ్లలో దాన్ని కవళి అంటారు, తెలుగు మాట్లాడే ఇళ్లలో కలివి. జంట ముళ్ల పొద. కాయ తెంపితే తెల్లగా పాలు కారతాయి. పచ్చికాయ నోట్లో పెట్టుకుంటే వగరు, పండి నల్లబడిందంటే తేనె. పెదాలు బంకకు అతుక్కుపోయేదాకా తిని, ఇంటికొచ్చి తిట్లు తిన్న పిల్లలు సండూరు తాలూకాలో ఇంటికొకరైనా ఉంటారు.

ఆ పొద పేరు పెట్టుకున్న పిట్ట ఒకటుంది. కలివి కోడి. పేరుకు కోడే గానీ కోళ్ల జాతికీ దానికీ సంబంధం లేదు. నీటి అంచున బురదలో నడిచే ఉల్లంకి పిట్టలకూ, బీళ్లలో కేకలు పెట్టే తీతువు పిట్టకూ అది దాయాది. ఆ వంశంలో పుట్టి కూడా నీటి వైపు ఎన్నడూ పోలేదు. ఎండిన కొండపాదాల్లో, ముళ్లపొదల మధ్య ఉండే బోడి నేల మీద బతికింది. దానికి మరీ దగ్గరి బంధువులు ఉన్నది ఆఫ్రికా ఖండంలో. ఈ దేశంలో దాని కొమ్మకు అదొక్కటే చివరి ఆకు.

తీతువును చూసినవాళ్లు కలివి కోడిని సగం ఊహించుకోగలరు. తీతువు కూడా నేల మీదే బతుకుతుంది, గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. అయితే తీతువు రచ్చబండ మనిషి లాంటిది. పగలూ రాత్రీ అరుస్తుంది, మనిషి దగ్గరికొస్తే నెత్తి మీద తిరుగుతూ గోల చేస్తుంది. ఆ అరుపు వింటే చావు కబురని భయపడేవాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. ఎన్ని శాపనార్థాలు పడినా అది దున్నిన చేలో బతికింది, చెరువు గట్టున బతికింది, రైలు పట్టాల పక్కన కూడా బతుకుతోంది. కలివి కోడి అట్లా కాదు. పగలంతా పొద నీడలో కదలకుండా కూర్చుని, చీకటి పడ్డాకే బయటికొచ్చేది. ఎవరి జోలికీ పోలేదు. ఎవరి కంటా పడలేదు. దానికి అపకీర్తి కూడా రాలేదు.

ఆకారం చెబుతాను. తీతువు కన్నా ఒక పిసరు చిన్నది, ఇరవయ్యేడు సెంటీమీటర్లు. సన్నటి, పొడుగాటి, లేత పసుపు కాళ్లు. పొట్టి ముక్కు, మొదట్లో పసుపు, కొసన నలుపు. చీకట్లో తిరిగే జీవం కనుక కళ్లు పెద్దవి. కంటి పైన వెడల్పాటి తెల్లటి చార, విభూతి దిద్దినట్టు. గొంతు కింద ఇటుక రంగు మచ్చ. రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టెలు, నడుమ తెలుపు. ఆ రెండు పట్టెల్ని బట్టే శాస్త్రజ్ఞులు దానికి లాటిన్‌లో ‘రెండు కంటెలది’ అని పేరు పెట్టారు. పేరు పెట్టిన ఏడాది 1848. పెట్టినవాడు ఎడ్వర్డ్ బ్లైత్. ఆయనకు ఆ పిట్టను అందించినవాడు మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్. అందుకే ఇంగ్లిషు పుస్తకాల్లో అది జెర్డాన్ పిట్ట. నెల్లూరుకూ కడపకూ మధ్య ఉన్న కొండల్లో అది దొరుకుతుందని ఆయన రాశాడు. తర్వాత విలియం బ్లాన్‌ఫోర్డ్ గోదావరి లోయలో, సిరొంచా, భద్రాచలం వైపు దాని జాడ చెప్పాడు.

ఆ తర్వాతి జాడ మాకు దగ్గరి జాడ. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ దాన్ని నమోదు చేశాడు. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలోదే. ఆ ఏడే విడదీసి వేరే జిల్లా చేశారు. అంటే ఆ నమోదుకు పద్దెనిమిదేళ్ల ముందు వరకు అది బళ్లారి మట్టి. తర్వాత 1953లో మనుషులు భాషను బట్టి గీత గీసుకున్నారు, కొన్ని తాలూకాలు అటు, కొన్ని ఇటు. పిట్టకు ఆ గీత తెలియదు, కంప ఎక్కడుంటే అదే దాని జిల్లా. చోరనూరు కంపలో అది ఎప్పుడైనా తిరిగిందని నేను చెప్పడం లేదు, అట్లాంటి రాత ఏదీ లేదు. ఇక్కడి పొదా అక్కడి పొదా ఒకటే, ఇక్కడి గులకరాయీ అక్కడి గులకరాయీ ఒకటే. ఆ మాత్రానికే గుండె కలుక్కుమంటుంది.

1900 తర్వాత నిశ్శబ్దం. ఒక ఏడు కాదు, పదేళ్లు కాదు, ఎనభై ఆరేళ్లు. వెతికినవాళ్లు వెతికారు. పక్షి శాస్త్రజ్ఞుల్లో సలీం అలీ అంతటివాడు వెతికించాడు. దొరకలేదు. పుస్తకాల్లో దాని పేరు పక్కన, అంతరించిపోయి ఉంటుంది అన్న మాట స్థిరపడింది.

ఆ నిశ్శబ్దం నడుమ ఒక గుడ్డు ఉంది. ఈ కథలో నన్ను నిద్రపోనివ్వని ముక్క అది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర ఎర్నెస్ట్ మీటన్ అనే పశువైద్యుడు ఒక గుడ్డు సేకరించాడు. అది చేతులు మారి, సముద్రాలు దాటి, స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో సొరుగు చేరింది. అది ఏమిటో తేల్చుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది. పాత పిట్ట చర్మం నుంచి తీసిన డీఎన్ఏతో పోల్చి చూసి, అవును, ఇది కలివి కోడి గుడ్డే అని 2013లో లోకానికి చెప్పారు. ఆ జాతి గుడ్డు అని ప్రపంచంలో తెలిసినది అదొక్కటే. కోలారు మన పక్క ఊరు. అక్కడి గనుల్లో మన తెలుగువాళ్లూ పనిచేశారు. వేల అడుగుల లోతున బంగారం తవ్వుతున్నప్పుడు పైన, నేల మీద, గులకరాళ్ల మధ్య ఆ గుడ్డు పడి ఉండి ఉంటుంది. గూడు ఎట్లా ఉంటుందో, తల్లి ఎన్ని గుడ్లు పెడుతుందో, పిల్ల ఏ రంగులో ఉంటుందో ఎవరూ రాయలేదు. తీతువు పిల్ల పుట్టగానే లేచి పరుగెత్తడం పల్లెలో ప్రతి పిల్లాడికీ తెలుసు. దీని పిల్ల పరుగును చూసిన కన్ను లేదు.

ఇప్పుడు 1986కు వస్తాను.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చి ఊరూరా తిరిగాడు. పిట్ట బొమ్మ చూపించి, ఇట్లాంటిది చూశారా అని పల్లెల్లో అడిగాడు. పిట్టలు పట్టేవాళ్లను, గొర్రెలు కాసేవాళ్లను, రాత్రి పూట అడవిలో నడిచేవాళ్లను అడిగాడు. ఇంతకు ముందు వచ్చిన పెద్దలకూ ఈయనకూ తేడా ఇక్కడే ఉంది. ముందువాళ్లు పగలు వెతికారు, పిట్ట రాత్రిది. ముందువాళ్లు పిట్టను అడిగారు, ఈయన మనుషుల్ని అడిగాడు. పుస్తకంలో చచ్చిపోయిన పిట్టకు ఊళ్లో పేరు బతికే ఉంది. కలివి కోడి అనే మాట ఎవరో పండితుడు కల్పించింది కాదు, అడవి అంచు మనుషులు నోటితో మోసుకొచ్చింది. తెలుగులో అడిగి ఉంటే ఆ ఎనభై ఆరేళ్లలో ఎన్నేళ్లు తగ్గేవో అనిపిస్తుంది నాకు.

జనవరి నెల. లంకమల్ల కొండల పాదాన రెడ్డిపల్లి. ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రి పూట టార్చి లైటు పట్టుకుని కంపలో నడుస్తున్నాడు. వెలుతురు పడ్డ చోట ఒక పిట్ట నిలబడిపోయింది. తీతువైతే కేక పెట్టి ఎగిరిపోయేది. ఇది ఎగరలేదు. ఐతన్న దాన్ని పట్టుకుని, చంపకుండా, ఇంటికి తెచ్చి పెట్టాడు. బొమ్మలో చూసిన పిట్ట ఇదేనని కబురు పంపాడు. లోకం అంతా లేదనుకున్న జీవం ఒక పల్లె ఇంట్లో ఊపిరి తీసుకుంటూ ఉంది.

అది బతకలేదు. కొద్ది రోజులకే చచ్చిపోయింది. దాని దేహం బొంబాయి చేరి సంస్థ భద్రపరిచిన పిట్టల మధ్య చేరింది. అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు. మరుసటి ఏడు జూన్‌లో ఆయన పోయారు. జీవితమంతా వెతికించిన పిట్ట ఉందన్న మాట మాత్రం విని పోయారు. ఐతన్నను నేను తప్పుపట్టను. పట్టుకోవడం అతని వృత్తి, బతికించి కబురు పెట్టడం అతని మనసు. అతను కబురు పెట్టకపోతే ఆ పిట్ట ఇప్పటికీ పుస్తకంలో చచ్చిపోయే ఉండేది.

ఆ తర్వాత చుట్టుపక్కల కంపలో బతికి తిరుగుతున్న పిట్టలు కూడా కనబడ్డాయి. సంబరం మొదలైంది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించారు. అదే ఏడు తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. కడప జిల్లా కంపలో దాక్కునే పిట్ట దేశమంతా ఉత్తరాల మీద తిరిగింది. అసలు పిట్టను చూసినవాళ్ల కన్నా బిళ్ల మీద చూసినవాళ్లు లక్షల రెట్లు ఎక్కువ.

పతనం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రాయలసీమలో నీళ్ల విలువ తెలియనివాడు ఎవడూ లేడు. తెలుగు గంగకు 1983లో ఒప్పందం కుదిరినప్పుడు ఇటు సీమలోనూ అటు మద్రాసులోనూ జనం చేతులెత్తి మొక్కారు. కృష్ణ నీళ్లు కర్నూలు, కడప, నెల్లూరు మీదుగా మద్రాసు గొంతు తడుపుతాయి, దారిలో మన చేలు తడుస్తాయి. ఆ ఆశను చులకన చేసే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. సోమశిల జలాశయం కింద మునిగిన ఊళ్ల జనానికి ఎక్కడో ఒక చోట ఇల్లు వాకిలీ కావాలి. వాళ్లను తెచ్చి పెట్టిన చోట్లలో ఆ కంప నేలలూ ఉన్నాయి. ఎవరి ఊరో మునిగితే ఎవరి ఊరో తరిగింది. తరిగిన ఊరి వాళ్లకు అర్జీ రాయడం రాదు.

కలివి కోడికి కావలసినది దట్టమైన అడవి కాదు, మైదానం కూడా కాదు. రెండింటికీ నడిమి నేల. తర్వాతి కాలంలో బొంబాయి సొసైటీ తరఫున పి. జెగనాథన్, ఇంగ్లండు నుంచి వచ్చిన రిస్ గ్రీన్ వంటివాళ్లు పొదలు లెక్కపెట్టి తేల్చిన సంగతి ఇది. హెక్టారుకు మనిషెత్తు దాటిన పొదలు మూడు వందల నుంచి ఏడు వందల దాకా ఉన్న చోటే అది ఎక్కువగా తిరిగింది. పొద చిక్కబడితే పరుగెత్తే చోటుండదు, పలచబడితే దాక్కునే చోటుండదు. మరి ఆ కొలత ఎవరు కాపాడుతూ వచ్చారు? మేకలోళ్లు, గొర్రెలోళ్లు, నెత్తిన కట్టెలమోపుతో ఇంటికొచ్చే ఆడవాళ్లు. మేక కొరికిన కొమ్మ, కొడవలి తెగేసిన రెమ్మ ఆ నేలను చిక్కబడనివ్వలేదు. మితంగా మేపిన నేల దానికి అనుకూలమని ఆ పరిశోధకులే రాశారు. పిట్ట బతికింది మనిషి లేని చోట కాదు, మనిషి చేయి మితంగా ఆడిన చోట.

మితం పోయింది. జేసీబీ వచ్చింది. కొడవలి రోజంతా కొట్టేది యంత్రం పూటకు పెరికేస్తుంది, వేళ్లతో సహా. కంప కొట్టించి నిమ్మ తోటలు వేశారు, రాళ్లు తవ్వుకున్నారు, బోర్లు వేశారు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: “ఏముంది సామీ ఆడ, కంపచెట్లే గదా.” ఆ మాట పల్లె వాళ్లదే కాదు. సర్కారు కాగితాల్లోనూ అదే రాత. హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థ చేసిన పటాలతో 2000లో దేశపు బంజరు భూముల అట్లాస్ వెలువడింది. పొదలున్న నేల అందులో బంజరుల లెక్కలోకే వెళ్లింది. బంజరంటే ఎవరికీ పనికిరానిది. ఒక జాతి జాతంతా కాపురముంటున్న ఇంటికి ‘ఖాళీ’ అని బోర్డు పెట్టినట్టయింది.

2005 చివర్లో లంకమల్ల పక్కన తెలుగు గంగ కాలువ తవ్వకం యంత్రాలు కంపలోకి దిగాయి. కలివి కోడి ఉన్నదని ఖాయంగా తెలిసిన కొద్ది చోట్లలోనే దిగాయి. పిట్టను గమనించేవాళ్లు చూసి కేక పెట్టారు. గొడవ సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. కాలువ దారి మళ్లింది. అడవి పక్కన భూమి కొని పిట్ట కోసం కలిపారు. మన దగ్గర ఒక పిట్ట కోసం కాలువ వంగడం మామూలు సంగతి కాదు. ఆ రోజు ఇద్దరికీ దారి ఉంటుందని ఒక నమ్మకం కలిగింది.

ఆ ఏళ్లలో దాన్ని వెతికిన తీరు దగ్గరగా చూడాలి. వలలు కట్టలేదు, తుపాకులు పేల్చలేదు. పొదల మధ్య అక్కడక్కడా నేల చదును చేసి, మెత్తటి మట్టి జల్లెడ పట్టి పట్టీలుగా పరిచారు. సాయంత్రం ఆ మట్టి అద్దంలా ఉంటుంది. పొద్దున్నే పోయి వంగి చూస్తే రాత్రి ఎవరెవరు దాటారో రాసి ఉంటుంది. కుందేలు దాటిన గుంట, తొండ తోక గీత, చీమల బారు. కౌజుపిట్ట అడుగైతే వెనక వేలు గుచ్చుకుని ఉంటుంది. కలివి కోడికి వెనక వేలు లేదు. మూడు వేళ్లూ ముందుకే. పరుగెత్తే పాదం అది. ఆ మూడు వేళ్ల గుర్తు కోసం రోజుల తరబడి, నెలల తరబడి వంగి చూశారు. కొన్ని పొద్దుల్లో దొరికింది. కదలికను పసికట్టి తమంతట తామే మీట నొక్కుకునే కెమెరాలు పెట్టారు, కొన్ని బొమ్మలు పడ్డాయి.

గొంతును కూడా పట్టుకున్నారు. రెండు ముక్కల పిలుపు అది, ఒకటి చిన్నగా తెగి, రెండోది దాని మీద వాలుతుంది. మళ్లీ మళ్లీ పిలుస్తుంది, కొన్నిసార్లు మరొకటి బదులు పలుకుతుంది. పొద్దు కుంకిన ముప్పావు గంటకు మొదలై కొద్ది నిమిషాలే సాగుతుంది, మహా అయితే ఇరవై. ఆ తర్వాత రాత్రంతా మూగ. పొద్దు కుంకాక అన్నం తినడానికి కూర్చునే వేళ అది. ఆ ఇరవై నిమిషాలూ బయట చెవి పెట్టకపోతే పక్కనే ఉన్నా తెలియదు. తాతల కాలం నుంచీ ఎందరో దాని పక్కనే కూర్చుని అన్నం తిని ఉంటారు.

2009 ప్రాంతానికి అదీ ఆగిపోయింది. మట్టి పట్టీల మీద మూడు వేళ్లు పడలేదు. కెమెరాల్లో కుందేళ్లు పడ్డాయి, నక్కలు పడ్డాయి. రికార్డు చేసి పెట్టుకున్న గొంతును చీకట్లో వినిపించి ఎదురు చూశారు. బదులు లేదు. చచ్చిన కొడుకు పేరు పెట్టి గుమ్మంలో నిలబడి పిలిచే తల్లిని ఊళ్లో చూసినవాళ్లకు ఆ రాత్రులు ఎట్లా గడిచాయో వేరే చెప్పక్కర్లేదు. లోకంలో మిగిలి ఉంటే యాభై నుంచి రెండు వందల యాభై లోపు పెద్ద పిట్టలు ఉండవచ్చని అంచనా కట్టారు. ఉండవచ్చు అన్న మాట మీదే ఆ అంకె నిలబడింది.

బళ్లారిలో ఉంటూ ఈ కథ చదవడం మరింత కష్టం. సిరుగుప్ప వైపు చేలల్లో బట్టమేక పిట్ట వేళ్ల మీద లెక్కపెట్టేంత మిగిలింది. దాని కోసం అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టినా అక్కడి గడ్డి నేల చుట్టూ కాలువలొచ్చి పైరు మారింది, పిట్ట తరిగిపోయింది. సండూరు కొండల్లో ఎర్రదుమ్ము లేచి, చివరికి 2011లో సుప్రీంకోర్టు గనుల తవ్వకాలు ఆపించాల్సి వచ్చింది. నేల మీద గుడ్డు పెట్టే జీవాలకు దత్తమండలాల్లో కాలం ఇట్లా వచ్చింది. చెట్టు మీద పిట్టకు కొమ్మ పోతే ఇంకో కొమ్మ ఉంటుంది. నేలే ఇల్లయిన పిట్టకు నేల పోతే ఏముంటుంది?

లెక్క చూసుకుంటే ఆ పిట్ట మన దగ్గర కరిగిపోయిన తీరు కనిపిస్తుంది. మొదట దేహం ఉంది, జెర్డాన్ చేతిలో. తర్వాత గుడ్డు, ఎక్కడో సముద్రం అవతల సొరుగులో. తర్వాత ఐతన్న ఇంట్లో కొద్ది రోజుల ఊపిరి. తర్వాత మట్టి మీద మూడు వేళ్ల గుర్తు. చివరికి అదీ లేదు.

2025 ఆగస్టులో, పదేళ్లు దాటిన మౌనం తర్వాత, లంకమల్ల కొండల పాదాన చీకట్లో కూర్చున్న కొందరు పిట్టల ప్రేమికుల చెవిన ఆ రెండు ముక్కల పిలుపు పడింది. రికార్డు కూడా చేశారు. వార్త చదివిన రోజు నేను ఏడ్చాను. దొరికింది గొంతు. ఎన్ని పిట్టలో, జంట ఉందో లేదో, ఆ పిలుపుకు బదులు పలికేది మరొకటి కంపలో మిగిలిందో లేదో ఆ గొంతు చెప్పలేదు.

ఆగస్టు అంటే మా వైపు కలివి కాయ నల్లబడే నెల.